ఎడమచేతి వాటం అమ్మాయి డెంటిస్ట్ కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. బయాలజీ అంటే ఇష్టం. చేతిపని బాగా చేస్తుంది, బొమ్మలు వేస్తుంది. డెంటిస్ట్ అవుతానంటోంది. అయితే తనది ఎడమచేతి వాటం, అది ఇబ్బంది అవుతుందేమోనని నా భయం. పైగా చుట్టాలు "మెడిసిన్ సీటు రానివాళ్ళు చదివే చదువు కదా అది" అంటున్నారు. ఎన్నేళ్ళు చదవాలి? తన కాళ్ళ మీద తను నిలబడటానికి ఎంతకాలం పడుతుంది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు చుట్టాల సంగతి తేల్చేద్దాం. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే వాళ్ళకి ఆపరేషన్ థియేటర్ కథ చెప్పండి. ఈథర్‌తో మత్తు ఇస్తే నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చని 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో అందరి ముందూ చూపించిన విలియం మోర్టన్ ఒక డెంటిస్ట్. అంతకు రెండేళ్ళ ముందు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చి తన పన్నే పీకించుకుని చూసిన హొరేస్ వెల్స్ కూడా డెంటిస్టే. పళ్ళు పీకేటప్పుడు పేషంట్లు పడే బాధ రోజూ చూసేవాళ్ళు కాబట్టి ఆ ఆలోచన వాళ్ళకే వచ్చిందనుకుంటాను. ఇప్పటికీ నోటి క్యాన్సర్‌ని చాలాసార్లు ముందు గమనించేది పంటి డాక్టరే. చిగుళ్ళ జబ్బు ముదిరిన మనిషిని చూసి "ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండి" అనేదీ ఆయనే.

అయితే చుట్టాల మాటలో ఒక నిజం లేకపోలేదు. మెడిసిన్ చేజారిందని మనసు చంపుకుని ఇందులో చేరేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఇది కష్టంగానే ఉంటుంది. మీ అమ్మాయి ఇదే కావాలని అడుగుతోంది కాబట్టి ఆ లెక్క తనకి వర్తించదు.

చదువు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మన దేశంలో నీట్ రాసి బీడీఎస్ అనే డెంటల్ డిగ్రీలో చేరాలి. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. బ్రిటన్‌లో ఐదేళ్ళు. అమెరికాలో ముందు మామూలు డిగ్రీ, తర్వాత నాలుగేళ్ళు డెంటల్ స్కూల్. అక్కడ కొన్ని కాలేజీలు డీడీఎస్ అనీ, కొన్ని డీఎండీ అనీ పట్టా ఇస్తాయి. పేర్లే వేరు, చదువు ఒకటే. ఎక్కడ చదివినా చివర్లో రిజిస్ట్రేషన్ చేయించుకోనిదే సొంతంగా ప్రాక్టీస్ చేయకూడదు. ఒక దేశం పట్టా ఇంకో దేశంలో దానంతటదే చెల్లదు. బయట దేశాల్లో చదివినవాళ్ళు బ్రిటన్‌లో సాధారణంగా ఓఆర్ఈ అనే పరీక్ష దాటాలి. అమెరికాలో అయితే చాలామంది మళ్ళీ రెండు మూడేళ్ళు అక్కడి డెంటల్ స్కూల్లో కూర్చోవాల్సి వస్తుంది. విదేశాల ఆలోచన ఉంటే ఇది ఇప్పుడే తెలిసి ఉండాలి.

ఇక అసలు విషయం చేతిపని. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాలతో పాటు మైనపు దిమ్మలు కూడా చేతికిస్తారు. ఒక చిన్న కత్తితో ఆ మైనాన్ని చెక్కి పన్ను తయారుచేయాలి. మెట్టలూ పల్లాలూ అన్నీ నిజం పన్నులో ఉన్నట్టే రావాలి. పుస్తకం కంఠస్థం చేసి ఫస్ట్ మార్కులు తెచ్చుకునే పిల్లలు ఇక్కడ మొదటిసారి తడబడతారు. బొమ్మలు వేసే పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది. తర్వాత బొమ్మ తలకి బిగించిన ప్లాస్టిక్ పళ్ళ మీదా, పీకేసిన నిజం పళ్ళ మీదా సాధన. ఇదంతా అయ్యాకే మనిషి నోరు.

ఎందుకింత జాగ్రత్త అంటే, పంటి పై పొర ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది, కానీ ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. దాన్ని తొలిచే ఎయిరోటర్ నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. ఆ వేడికి లోపలి నరం దెబ్బతినకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉండాలి. అర మిల్లీమీటరు ఎక్కువ తొలిచినా ఆ పన్నుకి అది శాశ్వతం. పైదవడలో వెనక పళ్ళయితే నేరుగా కనిపించవు, చిన్న అద్దంలో చూస్తూ పనిచేయాలి. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి కదా, చేయి ఒకవైపు పోతే బొమ్మ ఇంకోవైపు పోతున్నట్టుంటుంది. మెదడు దానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది.

ఎడమచేయి సంగతి ఇక్కడే వస్తుంది. పేషంట్ కుర్చీని గడియారం అనుకోండి, తల పన్నెండు దగ్గర. కుడిచేతి వాళ్ళు సాధారణంగా తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య కూర్చుంటారు, ఎడమచేతి వాళ్ళు పన్నెండుకీ మూడుకీ మధ్య. అసిస్టెంట్ రెండోవైపు. అంతే తేడా. చేతి పనిముట్లు చాలావరకు రెండు చేతులకీ పనికొస్తాయి. చదువుకునే రోజుల్లోనే ఇబ్బంది. కాలేజీ కుర్చీలకి ట్రే, గొట్టాలు కుడిచేతి వాళ్ళకి అనువుగా బిగించి ఉంటాయి. టీచర్ కుడిచేత్తో చేసి చూపించినదాన్ని తను మనసులో తిప్పుకుని చేయాలి. మొదట్లో మిగతావాళ్ళకంటే కాస్త ఆలస్యమవుతుంది, టెన్షన్ పడొద్దని చెప్పండి. సొంత క్లినిక్ పెట్టుకునేటప్పుడు ఎడమవైపుకి మార్చుకునే వీలున్న కుర్చీలు దొరుకుతాయి. కుడిచేయి అలవాటు చేసుకోమని మాత్రం ఇప్పటి నుంచీ బలవంతపెట్టకండి.

చేతికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి మంచి ర్యాంకుతో సీటు తెచ్చుకున్నాడు, మైనపు పళ్ళు చక్కగా చెక్కేవాడు. మూడో ఏడు పేషంట్లు మొదలయ్యాక ఉమ్మి, నెత్తురు, నోటి వాసన భరించలేకపోయాడు. చివరికి నోటి జబ్బుల నమూనాలు పరీక్షించే నోటి పాథాలజీ వైపు వెళ్ళి, మైక్రోస్కోప్ ముందు హాయిగా ఉన్నాడు. దారి దొరికింది గానీ మధ్యలో రెండేళ్ళు నలిగిపోయాడు. ఇంకోటి, కుర్చీ ఎక్కేవాళ్ళలో చాలామంది భయంతోనే వస్తారు. మత్తు ఇంజెక్షన్ చూడగానే చేయి పట్టుకునే పెద్దవాళ్ళుంటారు, నోరు తెరవని పిల్లలుంటారు. మాట్లాడి ఒప్పించే ఓపిక ఈ పనిలో సగం.

కాళ్ళ మీద నిలబడటం గురించి అడిగారు. పట్టా చేతికొచ్చిన రోజే క్లినిక్ తెరిచే తొందర వద్దు. కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, పనిముట్లు శుభ్రం చేసే ఆటోక్లేవ్, ఇవన్నీ పెద్ద ఖర్చులు. పేషంట్లు మాత్రం నోటి మాట మీద ఒక్కొక్కరే వస్తారు. రెండు మూడేళ్ళు అనుభవమున్న డాక్టర్ దగ్గర పనిచేస్తే రూట్ కెనాల్‌తో పాటు అద్దె, జీతాలు, లెక్కలు కూడా వస్తాయి. కాలేజీలో అవి పెద్దగా నేర్పరు. చేరిన రోజు నుంచి ఏడెనిమిదేళ్ళు వేసుకోండి. ఒక విభాగంలో పై చదువు, అంటే ఎండీఎస్ చేస్తే ఇంకో మూడేళ్ళు. క్లిప్పులు వేసే ఆర్థోడాంటిక్సా, దవడ ఆపరేషన్లు చేసే సర్జరీనా, పిల్లల పళ్ళా అనేది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో టైమ్ తెలియకుండా గడిచిందో అదే చెబుతుంది.

మెడ, నడుము నొప్పులు ఈ వృత్తితో వచ్చే పాత జబ్బులు. వంగి వంగి చూడకుండా లూప్స్ అనే భూతద్దాల కళ్ళజోడు వాడటం, సరైన స్టూల్ మీద నిటారుగా కూర్చోవడం చదువుకునేటప్పుడే అలవాటు కావాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోలేదంటే పేషంట్లను ముట్టుకునే లోపే వేయించండి.

పరీక్షలయ్యాక మీకు తెలిసిన డెంటిస్ట్‌ని అడిగి నాలుగు రోజులు క్లినిక్‌లో ఓ మూల కూర్చుని చూడనివ్వమనండి. ఒక పన్ను పీకడం, ఒక రూట్ కెనాల్, ఒక మొండి పిల్లాడు, ఈ మూడూ చూస్తే చాలు. ఇంట్లో అద్దంలోకి మాత్రమే చూస్తూ కాగితం మీద గీసిన గీత వెంట పెన్సిల్ నడపమనండి. మొదటి రోజు నవ్వొస్తుంది, వారం తర్వాత ఎలా ఉందో చూడండి. అలాగే కళ్ళ డాక్టర్ దగ్గర రంగులు గుర్తుపట్టే టెస్ట్ చేయించండి. కట్టుడు పన్నుకి పక్క పన్ను రంగు సరిగ్గా కలపాలంటే తెలుపులో పది రకాలు కనిపెట్టగలగాలి. తేడా తెలియకపోయినా చదువు ఆగదు, అసిస్టెంట్ కన్నూ, రంగు కొలిచే పరికరాలూ ఉన్నాయి. కాకపోతే ఆ సంగతి ముందే తెలిస్తే మంచిది.