ల్యాబ్‌కి పంపే ముందు ఇది చదువుకో కార్తీక్

ఒరేయ్ కార్తీక్,

మీ జిమ్ ఫ్రెండ్స్ అందరూ తలా కొంత వేసుకుని, మీరు తాగే ప్రోటీన్ పౌడర్లలో నిజంగా ఏముందో ల్యాబ్‌లో టెస్ట్ చేయిద్దాం అనుకుంటున్నారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది నాన్నా. ఫుడ్ ల్యాబ్‌లోనే రిటైర్ అయ్యేదాకా పనిచేసినదాన్ని, ఈ మాట వినగానే నీకు చెప్పాల్సినవన్నీ బుర్రలో తిరుగుతున్నాయి, ఫోన్‌లో అయితే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ముందు అసలు సంగతి. ల్యాబ్ వాళ్ళు నువ్వు అడిగినదానికే జవాబు చెప్తారు, అడగనిది వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. "ఈ డబ్బాలో మోసం ఉందా" అనే టెస్ట్ ఏ ల్యాబ్‌లోనూ లేదు. "ప్రోటీన్ ఎంత" అని అడిగితే ఒక అంకె ఇస్తారు, ఆ అంకె ఎలా వచ్చిందో తెలీకపోతే దాన్ని నమ్మినా ప్రమాదమే, నమ్మకపోయినా ప్రమాదమే.

మామూలు టెస్ట్‌లో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలుస్తారు. 1883లో డెన్మార్క్‌లో కెల్డాల్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ చాలాచోట్ల అదే. పౌడర్‌ని గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేసి మరగబెడితే అందులో ఉన్న నైట్రోజన్ అమ్మోనియా రూపంలోకి వస్తుంది, దాన్ని ఆవిరిగా వేరుచేసి (డిస్టిల్) ఎంతుందో టైట్రేషన్‌తో కొలుస్తారు, వచ్చిన నైట్రోజన్‌ని పాల ప్రోటీన్ అయితే 6.38తో, మామూలుగా అయితే 6.25తో గుణించి "ప్రోటీన్" అని రాస్తారు. అంతే. ఆ నైట్రోజన్ పాలనుంచి వచ్చిందా ఇంకెక్కడి నుంచో వచ్చిందా అన్నది ఆ పద్ధతికి తెలీదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది ఇందుకే, మెలమిన్ బరువులో మూడింట రెండొంతులు నైట్రోజనే, నీళ్ళు కలిపిన పాలలో కాస్త వేస్తే చాలు టెస్ట్‌లో ప్రోటీన్ నిండుగా కనిపిస్తుంది. ఆరుగురు పిల్లలు చనిపోయారు, దాదాపు మూడు లక్షలమంది జబ్బుపడ్డారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి కెల్డాల్ ఒక్కటే చూసి సంతకం పెట్టాలంటే నాకు మనసొప్పేది కాదు.

మీ పౌడర్లలో మెలమిన్ ఉంటుందని భయపెట్టట్లేదు. ఈ పౌడర్లలో జరిగే మోసం వేరే, దాన్ని ఎమినో స్పైకింగ్ అంటారు, ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటి ఎమినో యాసిడ్లని విడిగా తెచ్చి కలిపెయ్యడం. లెక్క చూడు. 30 గ్రాముల స్కూప్, లేబుల్ మీద 24 గ్రాముల ప్రోటీన్ అని ఉంది. నిజానికి అందులో 19 గ్రాములే వే ప్రోటీన్ (పాలు విరిగినప్పుడు వచ్చే నీటి నుంచి తీసేది), ఇంకో 4 గ్రాములు గ్లైసిన్ అనే చవక ఎమినో యాసిడ్ కలిపారనుకో. గ్లైసిన్‌లో నైట్రోజన్ 18.7 శాతం, 6.38తో గుణిస్తే 119 శాతం, అంటే 4 గ్రాముల గ్లైసిన్ రిపోర్ట్‌లో 4.8 గ్రాముల ప్రోటీన్‌గా లెక్కకొస్తుంది. 19కి అది కలిపితే 23.8. రిపోర్ట్ పాస్, మీరంతా హ్యాపీ, కండకి అందింది మాత్రం 19. క్రియాటిన్ అయితే ఇంకా ఘోరం, గ్రాము కలిపితే దగ్గరదగ్గర 1.8 గ్రాముల ప్రోటీన్‌లా చూపిస్తుంది. అందుకే మీరు ల్యాబ్‌కి ఇచ్చే కాగితంలో "టోటల్ ప్రోటీన్" అని ఒక్కటే రాసి ఊరుకోకండి. ఎమినో యాసిడ్ ప్రొఫైల్ అడగండి, దాంతోపాటు ఫ్రీ ఎమినో యాసిడ్స్ విడిగా అడగండి. ప్రోటీన్ గొలుసులో కట్టుబడి ఉన్నవి వేరు, విడిగా తెచ్చి పోసినవి వేరు, ఆ తేడా పట్టించేది ఈ రెండోదే. ఇలాగే కలిపే టారిన్, క్రియాటిన్ కూడా విడిగా రాయించండి, మామూలు ప్రొఫైల్‌లో అవి రావు.

ఆ ప్రొఫైల్ రిపోర్ట్ వచ్చాక ముందు రెండు లైన్లు చూడు. వే ప్రోటీన్‌లో లూసిన్ అనే ఎమినో యాసిడ్ సుమారు పదో వంతు ఉంటుంది, 24 గ్రాములకి రెండున్నర గ్రాముల చుట్టుపక్కల రావాలి. గ్లైసిన్ మాత్రం అర గ్రాము దాటడానికి కారణం లేదు. గ్లైసిన్ గ్రాముల్లో కనిపించి లూసిన్ పల్చబడితే ఇంక పెద్దగా అనుమానించక్కర్లేదు. ఇంకొకటి, ఇది చాలామంది కుర్రాళ్ళు తెలీక గోల చేసే విషయం: ఈ టెస్ట్‌కి ప్రోటీన్‌ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 110 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచి విడగొడతారు, ఆ వేడికీ యాసిడ్‌కీ ట్రిప్టోఫాన్ నాశనమైపోతుంది, గ్లుటమిన్ కాస్తా గ్లుటమిక్ యాసిడ్‌గా మారిపోతుంది. కాబట్టి రిపోర్ట్‌లో ట్రిప్టోఫాన్ సున్నా ఉంది, గ్లుటమిన్ అసలు లేదు అని వీడియో పెట్టేయొద్దు. ట్రిప్టోఫాన్ కావాలంటే దానికి వేరే పద్ధతి ఉంది, విడిగా డబ్బు కట్టి అడగాలి.

మీ అనుమానం ఊరికే వచ్చింది కాదులే. 2024లో కేరళ లివర్ డాక్టర్ సిరియాక్ అబ్బీ ఫిలిప్స్, ఇంకొందరు కలిసి మన దేశంలో అమ్మే 36 ప్రోటీన్ సప్లిమెంట్లని టెస్ట్ చేయించి మెడిసిన్ అనే జర్నల్‌లో వేశారు. దాదాపు 70 శాతం వాటిల్లో లేబుల్ మీద ఉన్న ప్రోటీన్‌కీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, కొన్నిటిలో రాసినదాంట్లో సగమే ఉంది. సుమారు 14 శాతం వాటిల్లో అఫ్లటాక్సిన్, అంటే బూజు వల్ల వచ్చే విషం, 8 శాతం వాటిల్లో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. వాళ్ళు చేసింది కూడా మీరు అనుకుంటున్నదే, కాకపోతే పద్ధతిగా చేశారు. మీరూ పద్ధతిగా చేయండి.

పద్ధతి కొనే దగ్గరే మొదలవుతుంది. జిమ్‌లో సగం వాడేసిన డబ్బా పట్టుకెళ్ళొద్దు, నలుగురి చేతులు పడి, తడి స్కూప్ పెట్టి, మూత తెరిచి వదిలేసిన పౌడర్‌ని టెస్ట్ చేస్తే కంపెనీ వాడు ఒక్క మాటతో కొట్టిపడేస్తాడు, ఆ మాట న్యాయమే కూడా. మీరు రోజూ కొనే షాపులోనే, అదే యాప్‌లోనే, ఎవరికీ చెప్పకుండా సీల్ ఉన్న డబ్బా కొనండి. బిల్లు జాగ్రత్త. సీల్ తీసే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ చదవగలిగేలా ఉండాలి. డబ్బా మీద స్క్రాచ్ కోడ్ ఉంటే గీకి కంపెనీ సైట్‌లో చూడండి. ఎందుకంటే పేరున్న బ్రాండ్ ఖాళీ డబ్బాల్లో ఏదో నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు, అలాంటిది మీ చేతికొస్తే మీరు టెస్ట్ చేసింది ఆ దొంగ సరుకుని, తిట్టేదేమో కంపెనీని. రెండు నేరాలూ వేరు, నేరస్థులూ వేరు.

ల్యాబ్‌కి వెళ్ళకముందే ఇంట్లో ఒక పని చెయ్యి, పైసా ఖర్చు లేదు. కిచెన్ త్రాసు తీసుకుని స్కూప్ తలకొట్టి పదిసార్లు తూకం వేసి సగటు తియ్యి. లేబుల్ మీద స్కూప్ 33 గ్రాములు అని రాసి, లోపల పెట్టిన స్కూప్‌లో 28 గ్రాములే పడితే ప్రోటీన్ అక్కడే తగ్గిపోయింది. యూట్యూబ్‌లో చూపించే మిగతా ఇంటి పరీక్షల మీద మాత్రం ఆధారపడకు. బెటాడిన్ చుక్క వేస్తే నల్లగా నీలంగా మారితే పిండి కలిసినట్టే, అది నిజం, కానీ మారకపోతే స్వచ్ఛమైనదని కాదు, పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి కలిపితే ఆ రంగు రాదు. మరగబెడితే గడ్డ కట్టాలి అంటారు, గడ్డ కట్టినంత మాత్రాన ఎంత ఉందో చెప్పలేం, హైడ్రోలైజ్డ్ వే, అంటే ముందే చిన్న ముక్కలుగా విడగొట్టినది అయితే, అసలైనదే అయినా సరిగ్గా గడ్డ కట్టదు.

ఇప్పుడు శాంపిల్ తీయడం. నా దృష్టిలో సగం పని ఇదే. రవాణాలో కుదుపులకి డబ్బాలో బరువైన రేణువులు, తేలికైన రేణువులు విడిపోతాయి, పైనుంచి నాలుగు స్కూపులు తీసి పంపితే అది డబ్బా మొత్తానికి ప్రతినిధి కాదు. ఫ్యాన్ ఆపు, గ్లవ్స్ వేసుకో, తడి లేని పెద్ద స్టీల్ పళ్ళెంలో డబ్బా మొత్తం పోసి బాగా కలిపి కుప్ప చెయ్యి. కుప్పని పైనుంచి అదిమి గుండ్రంగా పరిచి, స్కేలుతో అడ్డంగా నిలువుగా గీసి నాలుగు భాగాలు చెయ్యి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతా రెండూ పక్కకి తీసెయ్యి. ఉంచినదాన్ని మళ్ళీ కలిపి, మళ్ళీ కుప్ప చేసి, మళ్ళీ నాలుగు. ల్యాబ్ అడిగినంత పరిమాణం మూడు వాటాలకి సరిపడా మిగిలేదాకా ఇలాగే, త్వరగా చెయ్యాలి, వే గాలిలో తేమని పీల్చేస్తుంది. తర్వాత గాలి చొరబడని కొత్త డబ్బాల్లో మూడు వాటాలు వెయ్యి. రెండు వాటాలకి బ్రాండ్ పేరు లేకుండా వేరువేరు కోడ్‌లు రాసి రెండూ అదే ల్యాబ్‌కి పంపు, రెండూ ఒకే పౌడర్ అని వాళ్ళకి చెప్పకు. రెండు అంకెలూ దగ్గరగా వస్తే ల్యాబ్‌ని నమ్మొచ్చు, ఒకటి 78 ఇంకోటి 66 వస్తే గొడవ పౌడర్‌తో కాదు. మూడో వాటా సీల్ వేసి నీ దగ్గరే దాచు, రేపు ఎవరైనా కాదంటే మళ్ళీ టెస్ట్ చేయించడానికి.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని మాత్రమే చూస్తారు అందరూ. అది చాలదు. ఆ గుర్తింపు టెస్ట్‌వారీగా ఇస్తారు, ల్యాబ్‌కి నీళ్ళ టెస్టుల్లో గుర్తింపు ఉండి ఎమినో యాసిడ్స్‌లో లేకపోవచ్చు. స్కోప్ అనే జాబితా ఎన్‌ఏబీఎల్ సైట్‌లోనే ఉంటుంది, మీకు కావలసిన టెస్ట్, మీ రకం పదార్థానికి, అందులో ఉందో లేదో చూడండి. హైదరాబాద్‌లో మంచి ప్రైవేట్ ల్యాబ్‌లు ఉన్నాయి, రెండుమూడు చోట్ల కొటేషన్ తీసుకోండి. డబ్బులు తక్కువైతే బ్రాండ్ల సంఖ్య తగ్గించండి, టెస్టులు తగ్గించొద్దు.

రిపోర్ట్‌లో "డ్రై బేసిస్" అనే మాట ఉందేమో చూడు. తేమ తీసేసిన లెక్క అది, అంకె కాస్త పెద్దగా కనిపిస్తుంది. వే కాన్సంట్రేట్ 80 అంటే మామూలుగా డ్రై బేసిస్ మీద 80, నువ్వు తాగేది మాత్రం తేమతో ఉన్న పౌడర్. రెండిట్లో ఏదో తెలీకుండా లేబుల్‌తో పోల్చకు. 6.25 వాడారా 6.38 వాడారా కూడా అడుగు, 12.5 శాతం నైట్రోజన్ ఉన్న పౌడర్ ఒకదానితో 78.1, రెండోదానితో 79.75 వస్తుంది. ప్రతి కొలతకీ కాస్త అటూ ఇటూ ఉంటుంది, అన్‌సర్టైంటీ ఎంతో రాసివ్వమని అడగొచ్చు. లేబుల్ 24 ఉండి నీకు 23.2 వస్తే దాన్ని మోసం అనొద్దు నాన్నా, 15 వస్తే అను.

సీసం, కాడ్మియం లాంటి హెవీ మెటల్స్ కూడా అడగండి, ముఖ్యంగా చాక్లెట్ ఫ్లేవర్‌కీ మొక్కల ప్రోటీన్‌కీ. రిపోర్ట్ కిలోకి మిల్లీగ్రాముల్లో వస్తుంది, దాన్ని నీ స్కూప్‌కి మార్చుకో, కిలోకి 0.5 మిల్లీగ్రాములంటే 30 గ్రాముల స్కూప్‌లో 15 మైక్రోగ్రాములు. మీలో ఎవరైనా పోటీలకి వెళ్తుంటే వాడికి విడిగా చెప్పు, స్టెరాయిడ్లు, స్టిమ్యులెంట్లు ఈ టెస్టుల్లో దేనిలోనూ పట్టుబడవు, డోప్ టెస్ట్‌లో దొరికితే "డబ్బా మీద రాయలేదు" అంటే తప్పు పోదు, ఒంట్లోకి ఏది వెళ్ళినా బాధ్యత ఆటగాడిదే.

అన్నట్టు, అమెరికా నుంచి మీ అక్క తెచ్చే విటమిన్లూ గమ్మీలూ అక్కడివి కాబట్టి కచ్చితంగా ఉంటాయని మీ అమ్మ నమ్మకం. అక్కడ 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లకి అమ్మే ముందు ఎఫ్‌డీఏ, అంటే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ, అనుమతి అక్కర్లేదు. 2023లో అక్కడి డాక్టర్లు నిద్ర కోసం వాడే మెలటోనిన్ గమ్మీలు 25 రకాలు టెస్ట్ చేస్తే 22 లేబుల్‌కి సరిపోలేదు, ఉన్నవాటిలో లేబుల్‌లో 74 శాతం నుంచి 347 శాతం దాకా ఉంది, ఒకదాంట్లో మెలటోనిన్ అసలే లేదు. నిద్ర పట్టట్లేదని పిల్లలకి ఇస్తున్నారట అవి, అక్కతో మాట్లాడు.

తేడా బయటపడితే వెంటనే ఇన్‌స్టాలో పెట్టకండి. ప్రైవేట్ రిపోర్ట్ మీరిచ్చిన ఆ శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుందని దానిమీదే రాసుంటుంది. ముందు కంపెనీకి బ్యాచ్ నంబర్‌తో మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ సీఓఏ (కంపెనీ చేయించిన టెస్ట్ సర్టిఫికెట్) అడగండి, ఇవ్వకపోతే అది కూడా ఒక సమాచారమే. చట్టబద్ధంగా వెళ్ళాలంటే ఫుడ్ సేఫ్టీ చట్టంలో 40వ సెక్షన్ ఉంది, కొన్న మనిషి ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు, కాకపోతే టెస్ట్‌కి పంపిస్తున్నానని కొనేటప్పుడే షాపు వాడికి చెప్పాలి, రిపోర్ట్ చట్టానికి విరుద్ధంగా వస్తే కట్టిన ఫీజు వెనక్కొస్తుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ సెక్షన్ వాడుకున్న మామూలు మనుషులు ఎంత తక్కువమందో చూసి బాధేసేది. దీనికి మాత్రం పళ్ళెంలో పోయకుండా సీల్ ఉన్న డబ్బానే ఇవ్వాలి, చెప్పకుండా కొన్నది పనికిరాదు, షాపు వాడికి చెప్పి ఇంకోటి కొనాలి.

ల్యాబ్ కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు టెస్టుల జాబితా ఒకసారి ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, ఫ్రీ ఎమినో యాసిడ్స్ అందులో ఉన్నాయో లేదో చూసి చెప్తా.

మీ పెద్దమ్మ