ముల్లు ఎప్పుడు పైకి లేస్తోంది? పాత కారుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పదేళ్లు దాటిన కార్ల గురించినవే. చాలామంది "ఏ భాగం మార్చాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నకు దూరాన కూర్చుని జవాబు చెప్పడం కష్టం. లోపం కనిపించేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, నిలిచి ఉన్నప్పుడా, వేగంగా పోతున్నప్పుడా అన్నది రాసినవారి ఉత్తరాలకు మాత్రం కొంత నమ్మకంగా జవాబు చెప్పవచ్చు. అందుకే అలాంటి ఉత్తరాలనే ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: మాది పన్నెండేళ్ల పెట్రోలు కారు. ట్రాఫిక్‌లో పావుగంట నిలిస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళుతోంది. హైవే ఎక్కితే మళ్లీ మామూలు స్థానానికి దిగుతోంది. మెకానిక్ థర్మోస్టాట్ తీసేసి, ఇక అది అక్కర్లేదన్నారు. సమస్య పోలేదు సరికదా, మైలేజీ కూడా తగ్గింది. రేడియేటర్ మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. మీరు రాసిన రెండు వాక్యాలలోనే సగం జవాబు ఉంది. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలిచి ఉన్నప్పుడు ఆ పని ఫ్యాను ఒక్కటే చేయాలి. రేడియేటర్ గొట్టాలు లోపల పూడిపోయి ఉంటే, ఇంజిన్‌పై బరువు ఎక్కువగా పడే హైవే వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో ముల్లు ముందుగా లేచేది. మీ కారులో జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు కాబట్టి అనుమానం మొదట ఫ్యాను మీద పడాలి.

కారును నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో కొద్దిసేపటికే ఫ్యాను తిరగడం మొదలవుతుంది. తిరగకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) చూడండి. ఫ్యూజుల పెట్టెలో అదే నంబరున్న మరో రిలే ఉంటే రెంటినీ తారుమారు చేసి చూడవచ్చు, దీనికి పైసా ఖర్చు లేదు. రిలే బాగానే ఉంటే కనెక్టర్ విప్పి, ఫ్యాను మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి; అప్పటికీ తిరగకపోతే మోటారు పోయినట్టే. ఏసీతో తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే టెంపరేచర్ సెన్సార్‌నో దాని వైర్లనో అనుమానించాలి. తిరుగుతున్నా బద్ధకంగా తిరగడం ఇంకొక రకం: మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. చూసేవారికి ఫ్యాను పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కనుక, మెకానిక్‌లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే రేడియేటర్‌కూ దాని ముందున్న ఏసీ కండెన్సర్‌కూ మధ్య సందులో టార్చ్ వేసి చూడండి. ఏళ్ల తరబడి చేరిన దుమ్ము, ఎండుటాకులు, పురుగులు అక్కడ దుప్పటిలా పేరుకుంటాయి, బయటినుంచి మాత్రం కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది. ఇంజిన్ చల్లారాక, తక్కువ ఒత్తిడి గల నీటితో లోపలి వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ గొట్టంతో కొడితే పలుచని రెక్కలు వంగిపోయి గాలికి దారి ఇంకా మూసుకుపోతుంది.

ఇక థర్మోస్టాట్ మాట. దాన్ని వెంటనే తిరిగి పెట్టించండి. సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే ఈ చిన్న తలుపు, ఇంజిన్ త్వరగా పని వేడికి చేరి అక్కడే నిలిచేలా చూస్తుంది. అది లేకపోతే హైవేలో ఇంజిన్ చల్లగా ఉండిపోతుంది, ఇంజిన్ కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మీ మైలేజీ తగ్గడానికి ఇదే కారణం కావచ్చు. వేడెక్కే ఇంజిన్‌కు థర్మోస్టాట్ తీసెయ్యడం అనేది పూర్వకాలపు చిట్కా. అప్పట్లో కూడా అది మంచి చిట్కా కాదన్నదే నా అభిప్రాయం.

రేడియేటర్ మూతను కూడా ఒకసారి మార్చి చూడండి. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపిన ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూతలోని స్ప్రింగు లోపల ఒత్తిడిని నిలిపి ఉంచడం వల్ల ఆ మరుగుస్థానం ఇంకో 20 డిగ్రీలు పైకి పోతుంది. స్ప్రింగు నీరసించినా, రబ్బరు పగిలినా ఆ రక్షణ పోతుంది, రిజర్వ్ డబ్బా పొంగుతుంది. వేడిగా ఉన్న ఇంజిన్‌పై ఆ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి: ఒత్తిడి ఒక్కసారిగా తగ్గేసరికి మరిగే ద్రవం ముఖానికే చిమ్ముతుంది. ముల్లు ఎర్రగీత చేరితే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా వేసి, భద్రమైన చోటు దొరకగానే ఆగి ఇంజిన్ కట్టేయండి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కదా. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడం సిలిండర్ హెడ్ పగలడానికి దారి తీయవచ్చు.

ఇవన్నీ బాగుండి, ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతుంటే, ఉదయం స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతుంటే, లేదా రిజర్వ్ డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తుంటే అప్పుడు హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు) గురించి ఆలోచించాలి.

ప్రశ్న: రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్చాము. అయినా రెండు రోజులు కారు తీయకపోతే మూడో రోజు సెల్ఫ్ కొడితే "టకటక" మనే చప్పుడు తప్ప ఇంజిన్ తిరగదు. ఈ బ్యాటరీలు నాసిరకమా?

జవాబు: రెండూ నాసిరకమే అయి ఉండే అవకాశం తక్కువ. బ్యాటరీకి కావలసిన ఛార్జింగ్ అందడం లేదు, లేదంటే కారు నిద్రపోతున్నప్పుడు ఎవరో దాన్ని తాగేస్తున్నారు. ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి. మూడో బ్యాటరీ కంటే చాలా చౌక.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12 అంటే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా కొలవండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి. 13 కూడా దాటకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో చూపించాలి. కొన్ని కొత్త నమూనాల కార్లలో కంప్యూటర్ కావాలనే ఛార్జింగును తగ్గిస్తుంది కనుక, హెడ్‌లైట్లు వేసి కూడా ఒకసారి చూడడం మేలు.

ఛార్జింగ్ బాగుంటే దొంగను వెతకాలి. ఇంజిన్ ఆపి, తాళంచెవిని బయటికి తీసి, అన్ని తలుపులూ మూసి, బ్యాటరీ నెగెటివ్ వైరును విప్పి మధ్యలో మీటరును ఆంపియర్ల స్థానంలో కలపండి. కంప్యూటర్లు నిద్రలోకి జారుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి అరగంట ఆగి చూడండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అర ఆంపియర్ ఉందనుకుందాం: రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో రెండు రోజులకే సగానికి పైగా ఖాళీ అవుతుంది. మీరు చెప్పిన లెక్కకు ఇది బాగా సరిపోతోంది. ఇక ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు మీటరు పడిపోతుందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. డిక్కీ లైటు, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, అలారం, ఈ మూడింటిని ముందుగా అనుమానించండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ లీకవుతుండవచ్చు. మీటరు కలిపి ఉండగా మరచిపోయి సెల్ఫ్ కొట్టారంటే దాని ఫ్యూజు ఎగిరిపోతుంది, జాగ్రత్త.

మీకు వచ్చే "టకటక" బ్యాటరీ నీరసానికి గుర్తు. బ్యాటరీ నిండుగా ఉండి కూడా ఒక్కసారి "టక్" మని ఆగిపోతే కథ వేరు. అప్పుడు టెర్మినళ్ల మీది తెల్లటి తుప్పును, ఇంజిన్‌కు పోయే ఎర్త్ వైరును, స్టార్టర్ మోటారును చూడాలి. ఎర్త్ వైరును పరీక్షించడానికి మీటరు కొసలలో ఒకటి బ్యాటరీ నెగెటివ్‌పై, రెండోది ఇంజిన్ లోహంపై పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టుకు మించి చూపితే ఆ వైరే దోషి.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. ఆయిల్ ఎక్కడా కారడం లేదు, డబ్బాలో మట్టం తగ్గడం లేదు. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదు అనడానికి వీల్లేదు. బాగయ్యేవరకు కారు నడపకండి. బయటికి కారకుండా పెడల్ దిగిపోతుంటే చాలాసార్లు మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు అరిగి, ద్రవం దాన్ని దాటి వెనక్కి పోతున్నదన్నమాట. ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, గట్టిగా అదిమి పట్టుకోండి. అప్పుడూ దిగితే సందేహమే లేదు. అలా అదిమి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెడల్ ఒక్కసారి కొంచెం దిగి ఆగడం మాత్రం కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తున్నదనడానికి గుర్తే, లోపం కాదు.

ఇటీవల బ్రేకు ఆయిల్ మార్పించారా అన్నది మీరు రాయలేదు. పాత కారులో బ్రేకు పైపుల్లోని గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగుదాకా తొక్కితే, సీళ్లు రోజూ తిరగని, తుప్పు పట్టిన చోటికి జారి కోసుకుపోతాయి. పెడల్ కింద చెక్కముక్క పెట్టి సగానికే తొక్కే మెకానిక్ దొరికితే వదలకండి. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చడం మాత్రం మానకూడదు. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, గాలిలోని తేమ పీల్చుకున్నాక అది 155 వరకూ పడిపోవచ్చు.

ప్రశ్న: ఉదయం స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చి కొన్ని క్షణాల్లో ఆగిపోతోంది. ఇంజిన్ మొత్తం విప్పాలన్నారు. నిజమేనా?

జవాబు: నాకు అలా అనిపించడం లేదు. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, నిజమే. కానీ రాత్రంతా నిలిచిన కారులో వాల్వ్ సీళ్ల గుండా దిగిన నాలుగు చుక్కల ఆయిల్ ఉదయం కాలిపోయి పొగ ఆగిపోతే, అది సీళ్ల ముసలితనం. పిస్టన్ రింగులు పోయినప్పుడు యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తుంది, పికప్ తగ్గుతుంది. తేల్చుకోవాలంటే సిలిండర్లలోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి: తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా, లోపం రింగులది, పెరగలేదా, వాల్వులది లేదా గాస్కెట్‌ది.

చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే సీళ్లు మార్చవచ్చు. వెయ్యి కిలోమీటర్లకు డిప్‌స్టిక్‌పై ఎంత తగ్గిందో రాసుకోండి. పావు లీటరు లోపయితే, నేనైతే ఆయిల్ పోసుకుంటూ తిరుగుతాను.

ప్రశ్న: స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే ముందు చక్రం దగ్గర "టక్ టక్" మంటోంది.

జవాబు: అది యాక్సిల్ బయటి కొసనున్న సీవీ జాయింట్ (చక్రం ఎటు తిరిగినా దానికి శక్తిని అందించే కీలు). చక్రం వెనుక మడతల రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉందేమో చూడండి. చప్పుడు మొదలయ్యాక తొడుగు మార్చి లాభం లేదు.

ప్రశ్న: పదకొండేళ్ల కారును ఇటీవలే కొన్నాము. టైమింగ్ బెల్టు మార్చారో లేదో పాత యజమానికి గుర్తు లేదు. బాగానే నడుస్తోంది కదా, ఆగవచ్చా?

జవాబు: వాల్వులను సరైన సమయానికి తెరిపించేది మీ ఇంజిన్‌లో బెల్టో, చైనో ముందుగా కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి. చైను అయితే చప్పుడు వచ్చేవరకు ఊరుకోవచ్చు. బెల్టు అయితే ఆగవద్దు, బాగా నడవడం దాని ఆరోగ్యానికి రుజువు కాదు, ఎందుకంటే అది తెగే ముందు చాలాసార్లు ఏ హెచ్చరికా ఇవ్వదు. తయారీదారులు ఎక్కువగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య గడువు పెడతారు, దానితోపాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. తక్కువ తిరిగిన కారులోనైనా రబ్బరు వయసు ఆగదు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగిన మరుక్షణం పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను, అదే బెల్టు తిప్పే వాటర్ పంపును కూడా మార్పించండి, మళ్లీ అదంతా విప్పే కూలీ మిగులుతుంది. మార్చిన తేదీని, కిలోమీటర్ల అంకెను ఒక చీటీపై రాసి బానెట్ లోపల అతికించండి. మీ తర్వాత ఆ కారు కొనేవారు నాకు ఇదే ఉత్తరం రాయనక్కర్లేదు.