చెమట ఆరకముందే బీపీ చూడకండి

"పొద్దున గంటసేపు వేగంగా నడిచి ఇంట్లోకి రాగానే చూస్తే బీపీ 168/80 వచ్చింది, నడక మానేయాలా?" అని అడిగారు. మానవలసింది నడక కాదండీ, చెమట ఆరకముందే చేతికి ఆ పట్టీ చుట్టుకోవడం. నన్నడిగితే ఒడిశాలోని మా బరంపురంలో సగం మంది బెంగకు ఈ యంత్రాలే కారణం.

కిందటి చైత్రంలో ఒక మంగళవారం మా ఊరికి దగ్గర్లోని తారాతారిణి అమ్మవారి కొండకు వెళ్లాం. 999 మెట్లూ ఎక్కుతామని మొక్కుకున్నది మా ఆవిడ, ఎక్కవలసి వచ్చింది నేనూ మా బావమరిదీ. అతని సంచీలో కొబ్బరికాయ పక్కనే బీపీ యంత్రం! కింద నాది 136/82. సగం దూరంలో కూలబడగానే చూస్తే 160/80. పైకి చేరాక 186/78.

"బావా, ఇక దిగిపోదాం" అని అతని గోల. పై అంకె సరే, కింది అంకె కదిలిందా అన్నాను. మెట్లెక్కుతున్నప్పుడు తొడలు, పిక్కలు రక్తం కావాలంటాయి, అక్కడి నాళాలు వెడల్పవుతాయి. గుండె గట్టిగా తోడుతుంది కనుక పై అంకె పెరుగుతుంది, దారి విశాలమైంది కనుక కింది అంకె ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి కాస్త దిగుతుంది కూడా. ఊరికే కూర్చుంటే నిమిషానికి 5 లీటర్లు తోడే గుండె, బాగా శ్రమపడితే 15, 20 దాకా పోతుంది. మొదట్లో ఒక్కో దెబ్బకూ ఎక్కువ రక్తం పంపుతుంది. మన శక్తిలో సగం ఖర్చయ్యేసరికి మామూలు మనుషులకు ఆ వెసులుబాటు దాదాపు అయిపోతుంది, ఆపైన వేగం పెంచడమే గతి. పైమెట్టు మీద నా నాడి 10 సెకన్లకు 25 సార్లు కొట్టుకుంది, అంటే 150. నాకు 58 ఏళ్లు. 220 లోంచి వయసు తీసేసే మోటు లెక్కలో 162 దాకా హద్దు.

మా బావమరిది నాడి 104. "చూశావా, నా గుండె ఎంత గట్టిదో" అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. అతను వాడేది అటెనొలాల్, గుండె వేగానికి కళ్లెం వేసే మాత్ర. అలాంటివి వాడేవారికి నా 220 లెక్క పనికిరాదు. ఆ సంగతి అతనికెలా తెలుస్తుంది? మందు డబ్బాలోని కాగితం ఇంగ్లీషులో, ఆస్పత్రి గోడ మీది రాత ఒడియాలో. తెలుగులో చదివి చెప్పేవారు మా ఊళ్లో ఏటేటా తగ్గిపోతున్నారు, అది వేరే ఏడుపు.

దిగి వచ్చి అరగంట నీడన కూర్చున్నాక నాది 122/76. ఈసారి "పడిపోయింది బావా!" అని కంగారు. శ్రమ తర్వాత నాళాలు కొంతసేపు వదులుగానే ఉంటాయి, మామూలుకంటే తగ్గడం సహజమే. నడకను ఒక్కసారిగా ఆపి నిలబడిపోతే కళ్లు తిరిగేది కూడా అందుకే, రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి.

ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, శ్రమలో కింది అంకె కూడా బాగా ఎగబాకుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి, నా మాట పట్టుకుని కూర్చోవద్దు. అసలు భయపడవలసింది ఊపిరి బిగబట్టి బరువులెత్తే మా పక్కింటి కుర్రవాడిలాంటి వారి గురించి. అక్కడ రెండు అంకెలూ కలిసి పైకి పోతాయి. అతనికి మాత్రం ఎవరూ పట్టీ చుట్టరు.

రేపు నడిచి వచ్చాక టీ కూడా తాగకుండా అరగంట ఆగండి. చివరి ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి వాలి, మాట్లాడకుండా కూర్చుని చూసుకోండి. ఆ అంకె ఎంతో ఇక్కడే రాయండి.