లేతు మీద చెక్క గిన్నెలు చేసి బతకవచ్చా?

ఉద్యోగం మానేసి, లేతు మీద, అంటే చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి చెక్కే యంత్రం మీద, చెక్క గిన్నెలు, కూజాలు చేసుకుంటూ బతకాలని ఉందని, అది కుదిరే పనేనా అని అడిగారు. నేను కావలిలో పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. కుదురుతుంది. కాకపోతే ఇల్లు గడిచేది గిన్నెలతో కాదు, మంచం కోళ్లతో.

నాకు పని నేర్పింది మా పెదనాన్న. లేతును ఆయన తరిణె అనేవారు. మొదటి రెండేళ్లు కోళ్లు, అప్పడాల కర్రలు, మెట్ల రెయిలింగు చెక్క కమ్మీలు తప్ప మరొకటి ముట్టుకోనివ్వలేదు. అప్పట్లో ఒళ్లు మండేది. నాలుగు కోళ్లూ ఒకే కొలతకు వచ్చేసరికి చేతికి తెలియకుండానే పని పట్టుబడింది. ఉలి వాలును ముందు చెక్కకు ఆనించి, పిడిని మెల్లగా ఎత్తాలి. పేడు రిబ్బనులా చుట్టుకుంటూ లేస్తే పదును ఉన్నట్టు. పొడి రాలిందంటే సాన దగ్గరకు వెళ్లాల్సిందే.

ఆయనకు చెప్పకుండా చేసిన మొదటి గిన్నె వేపది. రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన చెట్టు మొద్దు, పచ్చిగానే ఉంది. ఒక్క పూటలో పలచగా తిప్పేసి, మెరుగు పెట్టి, నెల్లూరులో ఒక మాస్టారి ఇంటికి అమ్మాను. రోహిణి కార్తె దాటకముందే తిరిగొచ్చింది. అంచు నుంచి అడుగు దాకా పగులు, గుండ్రనిది కాస్తా కోడిగుడ్డు ఆకారం. పెదనాన్న దాన్ని వేలితో తట్టి, "చేసిననాడు ఇది ఇంకా నీళ్లు తాగే ఉందిరా" అన్నారు, అంతే. చెక్క ఆరేటప్పుడు చెట్టు వయసు వలయాల వెంబడి ఎక్కువ ముడుచుకుంటుంది, నడిమి నుంచి బెరడు వైపు తక్కువ. అందుకే గుండ్రనిది గుండ్రంగా మిగలదు. డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ గిన్నె ఇప్పటికీ లేతు పక్కనే ఉంది, నూనె గుడ్డలు వేసుకోవడానికి.

ఇప్పుడు పచ్చి మొద్దును ముందు మందంగానే తిప్పుతాను. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు గిన్నెకు గోడ మూడు సెంటీమీటర్లు. చెక్క నార చివరలు కనిపించే రెండు వైపులా మైనం పూసి, పేళ్లతో సహా కాగితం సంచిలో పెట్టి, తేదీ రాసి అటక ఎక్కిస్తాను. ఏడాది తరువాత వంకర తీస్తూ రెండోసారి తిప్పుతాను. అదీ కార్తీకం వానల్లో కాదు, గాలి పొడిగా ఉన్నప్పుడే.

అంటే ఈ రోజు పనికి డబ్బు వచ్చే ఏడాది వస్తుంది. మధ్యలో అన్నం పెట్టేవి మంచం కోళ్లే. రోజూ వాడే వస్తువే ముందు నిలబెడుతుంది. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలనే చూడండి, అవి లేతు పని కాదు, చేతితో చెక్కేవి. వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) తరువాత వచ్చింది, వంటింట్లో చోటు ముందు దొరికింది.

మీరు అమెరికాలో లేతు గిన్నెలకు పేరుపొందిన బాబ్ స్టాక్స్‌డేల్ (1913–2003) పేరు రాశారు కాబట్టి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనన్నందుకు ఆయన్ను శిబిరాల్లో ఉంచారు. లేతు మీద గిన్నెలు తిప్పడం మొదలుపెట్టింది అక్కడే. ఆ తరువాత కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఇంటి కింది గదిలో దశాబ్దాల పాటు గిన్నెలు చేశారు. మ్యూజియాలకు చేరిన పలచని గిన్నెలతో పాటు మామూలు సలాడ్ గిన్నెలు కూడా చేసి అమ్మారు. ఆయన భార్య కే సెకిమాచి ఆ గిన్నెలనే అచ్చులుగా పెట్టుకుని కాగితంతో గిన్నెలు చేశారట. నాకు ఆ ముచ్చటే ఎక్కువ నచ్చుతుంది.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఒక పచ్చి వేప మొద్దును మందంగా తిప్పి, తేదీ రాసి అటక మీద పెట్టండి. వచ్చే ఏడాది దించి, ఏ ఆకారంలో ఉందో చూశాక మళ్లీ అడగండి.