బాలయోగి గారు లాయర్ నుంచి ఎమ్మెల్యే ఎలా అయ్యారు?

లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జీఎంసీ బాలయోగి గారు ఎమ్మెల్యేగా కూడా చేశారా, కోర్టులో ఉన్నాయన అంత దూరం ఎలా వెళ్లారు అని అడిగారు. చేశారు. కాకపోతే అందరిలా ముందు ఎమ్మెల్యే, తర్వాత ఎంపీ కాదు. తిరగేసి జరిగింది.

1980లో కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుగా ఎంపికై, ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఇక్కడే. నేనూ కాకినాడ కోర్టులోనే జూనియర్‌గా చేరాను. మెజిస్ట్రేటు పరీక్ష రెండుసార్లు రాస్తే రెండుసార్లూ తన్నేసింది. ఆయన సంగతి మా అమ్మకి చెప్తే, "వచ్చిన జడ్జి ఉద్యోగం వదిలేశాడా! నువ్వేమో రాక ఏడుస్తున్నావు" అంది. జడ్జి కుర్చీలో కూర్చుని రాజకీయాలు కుదరవు. లాయర్‌కి ఆ అడ్డు లేదు. ఎమ్మెల్యే అయినా వాదించుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

1987కల్లా తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు. ముమ్మిడివరం ఉప ఎన్నిక అప్పుడే కలిసొచ్చింది: ఎమ్మెల్యే, ఆ వెంటనే ఉన్నత విద్యాశాఖ మంత్రి. 1998లో మళ్లీ ఎంపీగా గెలిచి మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

మా బార్ రూములో ఇప్పటికీ తెగని వాదన ఒకటుంది. 1999 ఏప్రిల్‌లో గిరిధర్ గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూనే వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానంపై ఎంపీగా ఓటు వేయడానికొచ్చారు. బాలయోగి గారు ఆపలేదు, గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది, అదీ బాలయోగి గారి సొంత పార్టీ టీడీపీ బలపరిచిన ప్రభుత్వం! ఆపాల్సిందని మా సీనియర్లలో సగంమంది అంటారు. నేను ఒప్పుకోను. రాజీనామా చేయని ఎంపీని ఏ రూలు చూపించి ఆపుతారు?

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. యాభై ఏళ్లే.

ఆయన ఊరు ఎదుర్లంక మాకు సైకిల్ దూరం. కాలేజీ రోజుల్లో యానాం వెళ్లాలంటే ఆ రేవులో గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కేవాళ్లం, కొబ్బరికాయల బస్తాలకీ మోటారు సైకిళ్లకీ మధ్య ఒంటికాలి మీద. ఆఖరి పంటు తప్పిపోతే రావులపాలెం చుట్టూ తిరగాల్సిందే. ఇప్పుడక్కడ వారధి ఉంది, ఆయన పేరే పెట్టారు. కండక్టర్ చిల్లర ఇచ్చేలోపు యానాం వచ్చేస్తుంది.