వాక్యం చదువుతున్నా విడుదల ఎందుకు కలగడం లేదు?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు పేరట వందనములు. నేను విశ్వాసుల కుటుంబంలో పుట్టి పెరిగాను. రోజుకు మూడు, ఆదివారం అయిదు అధ్యాయాల చొప్పున ఏటా బైబిలు ముగిస్తున్నాను. శుక్రవారం ఉపవాసం ఉంటాను. అయినా భయం పోవడం లేదు. ఒక్కరోజు చదవడం తప్పినా పిల్లలకు ఏదైనా కీడు జరుగుతుందేమోనని వణికిపోతాను. మా అమ్మ పోయినప్పుడు ఆమె నగల్లో కొన్నింటిని చెల్లెలికి తెలియకుండా నేనే ఉంచుకున్నాను. దానిని గురించి దేవుని దగ్గర ఎన్నోసార్లు ఏడ్చి ఒప్పుకున్నాను. మా ఇంటికి ప్రార్థనకు వచ్చే ఒకామె ఇదంతా పూర్వీకుల శాపమని, దానిని తెంచడానికి ప్రత్యేక ప్రార్థన చేయించుకోవాలని అంటున్నారు. వాక్యం విడుదల ఇస్తుందంటారు కదా, నాకెందుకు ఇవ్వడం లేదు?
— ఒక సహోదరి, రాజోలు దగ్గరి గ్రామం

జవాబు: సహోదరీ, సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయునని ప్రభువు చెప్పిన మాట యోహాను సువార్త 8వ అధ్యాయంలో ఉన్నది. ఆ మాటను ఆయన బయటివారితో కాక, అప్పటికే తనను నమ్మిన యూదులతో చెప్పాడన్న సంగతి 31వ వచనంలో కనబడుతుంది. నమ్మినవారికి కూడా ఇంకా విడుదల పొందవలసిన బంధకాలు ఉండవచ్చునని దీనిని బట్టి తెలుస్తున్నది గనుక, మీ పరిస్థితిని చూచి మీ విశ్వాసమే అబద్ధమని అనుకోవద్దు. అదే సంభాషణలో, దాసుడు ఎల్లప్పుడు ఇంటిలో నివసించడు గాని కుమారుడు ఎల్లప్పుడు నివసిస్తాడని ప్రభువు అన్నాడు. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ దాసుని భయమే కనబడింది. ఈ రోజు పని తప్పితే యజమాని ఏం చేస్తాడోనని దాసుడు భయపడతాడు. మీరు మూడు అధ్యాయాలను ఆ విధంగానే అప్పజెప్పుతున్నారు. రోమా పత్రిక 8:15 ప్రకారం మీరు పొందినది దాస్యపు ఆత్మ కాదు, దత్తపుత్రాత్మ, అనగా దేవుని పిల్లలుగా చేసే ఆత్మ.

వాక్యాన్ని రక్షరేకులాగా వాడుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు. 91వ కీర్తనను గుమ్మం మీద అంటించుకుని, దానితో కీడు ఆగిపోతుందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. అయితే శోధకుడైన సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి ఎత్తి చెప్పినది ఆ కీర్తనలోని మాటలనే. ప్రభువు దానికి, దేవుని శోధింపకూడదని చెప్పే ద్వితీయోపదేశకాండం 6:16తో జవాబిచ్చాడు. వచనాలు నోటికి రావడం, యోహాను 8:31లో ప్రభువు చెప్పినట్లు వాక్యమందు నిలిచి ఉండడంతో సమానం కాదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కాబట్టి ఏడాదిలో బైబిలు ముగించే ప్రణాళికను కొంతకాలం పక్కన పెట్టండి. గలతీ పత్రికలో ఉన్నవి ఆరు అధ్యాయాలే. నెల రోజులపాటు దానినే చదవండి, అర్థం కానిచోట ఆగండి, మీ సంఘంలోని మరొక సహోదరితో కలిసి చదవండి. 1836లో ఈ దేశానికి వచ్చి, తరువాత నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా సేవ చేసిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్‌ల కాలం నుండి ఈ గోదావరి డెల్టాలోని సహవాసాలలో సామాన్య విశ్వాసులు బైబిలు తెరిచి కలిసి ధ్యానించే అలవాటు నిలిచి ఉన్నది. ఒంటరిగా భయంతో చదివేటప్పుడు హెచ్చరికలు మాత్రమే మనకు వినబడుతుంటే, పక్కన కూర్చున్నవారు వాగ్దానాలను చూపిస్తారు. మన పెద్దలు మనకు ఇచ్చిపోయిన ఈ మేలును వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

శాపం సంగతి త్వరగా చెప్పవచ్చును. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20 స్పష్టంగా చెబుతున్నది. క్రీస్తు మనకోసము శాపమై మనలను విమోచించెనని గలతీ 3:13 చెబుతున్నది. ఆ ప్రత్యేక ప్రార్థన మీకు అవసరం లేదు. దానికి కానుక అడిగితే అసలే ఒప్పుకోవద్దు.

ఇక నగల విషయం. కొలొస్సయి 2:14లో పౌలు మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని గురించి రాశాడు. మన ఊళ్లలో బాకీ తీరగానే ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చింపివేస్తాము. చింపిన నోటుకు మళ్లీ వడ్డీ కట్టేవారు ఉండరు. దేవుని ఎదుట ఉన్న మీ పత్రం సిలువకు కొట్టబడింది. మన పాపములను ఒప్పుకొంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమిస్తాడని 1 యోహాను 1:9 చెబుతుండగా, మీరు కన్నీళ్లతో, ఉపవాసాలతో ఇంకా వడ్డీ కడుతున్నారు.

కానీ చెల్లెలి వాటా మీ దగ్గరే ఉన్నది. దేవుడు క్షమించాడు గదా అని అది మీది అయిపోదు. లూకా సువార్త 19వ అధ్యాయంలోని సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) జక్కయ్యను చూడండి: నేడు నేను నీ యింట నుండవలసియున్నదని ప్రభువు ముందుగా అన్నాడు, ఆ తరువాతనే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానన్నాడు. క్షమాపణను కొనుక్కోవడానికి అతడు డబ్బు తీయలేదు. ప్రభువు తన ఇంటికి వచ్చాడు గనుక అన్యాయపు సొమ్ము ఆ ఇంట్లో ఉంచుకోలేకపోయాడు. మీకు మిగిలిన అశాంతిలో కొంత భాగం ఈ కారణం చేతనే అని నా అభిప్రాయం. దానిని అపవాది నేరారోపణగా తోసివేయకండి, ఆత్మదేవుడు మీ మేలు కోరి చేస్తున్న హెచ్చరికగా తీసుకోండి.

ముందుగా మీ భర్తగారికి చెప్పండి. తరువాత చెల్లెలి దగ్గరకు వెళ్లి, సాకులు చెప్పకుండా జరిగినది ఒప్పుకొని, ఆమె వాటా ఆమె చేతికి ఇవ్వండి. ఆమె కోపగించవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. అంతమాత్రాన దేవుడు మిమ్మల్ని క్షమించలేదని భావించవద్దు. ఆ నగల్లో వేటినైనా ఇదివరకే అమ్మివేసి ఉంటే, నేటి బంగారం ధర ప్రకారం లెక్కగట్టి, సంఖ్యాకాండం 5:7 చెప్పినట్లు దానికి అయిదవవంతు కలిపి ఇవ్వండి.