బీపీ మాత్ర మానేసిన తమ్ముడికి

తమ్ముడూ,

బీపీ మామూలుగా ఉందని మాత్రలు మానేశానని నిన్న ఫోనులో గొప్పగా చెప్పావు. ఫోనులోనే తిట్టాలనిపించింది కానీ కూర్చుని రాయడమే నయమనుకున్నాను. అది మామూలుగా ఉన్నది మాత్ర వేసుకున్నందుకేరా! బీపీ పెరిగితే తలనొప్పి వస్తుందని, అప్పుడు చూసుకోవచ్చని నీ ధీమా. చాలామందికి ఏ నొప్పీ రాదు. పక్షవాతానికి దారితీసే కారణాల్లో మొదటిది పెరిగిన బీపీయే.

మీ బావగారి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఒకరోజు ఉదయం చొక్కా వేసుకుంటూ మూడో బొత్తం దగ్గర ఆగిపోయారు. కుడిచేతి వేళ్లు బొత్తాన్ని పట్టుకుంటున్నాయి, కాజాలోకి మాత్రం దూర్చలేకపోతున్నాయి. పది నిమిషాల్లో చెయ్యి మామూలైపోయింది. రాత్రి చెయ్యి ఒంటికింద పడి తిమ్మిరెక్కిందేమో అన్నారు. నేనూ నమ్మాను. నిజానికి మెదడుకు రక్తం కాసేపు అందక, మళ్లీ అందింది. వైద్యులు దాన్ని టీఐఏ అంటారు. తగ్గిపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, ఎందుకంటే ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ముప్పు ఎక్కువ. మర్నాడు సాయంత్రం మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇప్పటికీ ఆయన బొత్తాలు నేనే పెడతాను.

ఆస్పత్రిలో మొదట అడిగింది, "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అందుకే ఆ సమయం కావాలి. అందుకని మూతి, చెయ్యి, మాట, చూపు, నడకలో ఏది ఉన్నట్టుండి తేడా చేసినా ముందు గడియారం చూడు. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లు. నూటికి సుమారు 85 మందిలో కారణం గడ్డ, మిగతావారిలో మెదడులో రక్తస్రావం. స్కాన్ తీస్తేగానీ ఏదో తేలదు. కాబట్టి ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకూడదు. మింగడం కష్టంగా ఉండి పొరపోయే ప్రమాదం ఉంది, నీళ్లు కూడా పట్టవద్దు.

ఇక నీ వంతు. బీపీ చూసుకునే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. 140/90 దాటుతూ ఉంటే అది ఎక్కువే. నీకు ఎంత ఉండాలో డాక్టరు చెబుతారు. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి కూడా చూడు. కొట్టుకోవడం లయ తప్పుతుంటే ఈసీజీ తీయించు, గుండె లయ తప్పే ఒక జబ్బులో గుండెలో గడ్డలు పుట్టి మెదడుకు చేరవచ్చు. సిగరెట్టు గురించి మళ్లీ చెప్పను, చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచాకు లోపే, నిల్వ పదార్థాల్లో ఉన్నది కూడా అందులోకే వస్తుంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలు.

రేపే డాక్టరును కలిసి, మాత్ర మానేసిన సంగతి దాచకుండా చెప్పు. వారం రోజుల బీపీ అంకెలు పొద్దునవీ సాయంత్రానివీ కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు. "బాగానే ఉంది అక్కా" అంటే ఒప్పుకోను, అంకెలు కావాలి.

అక్క